కనరాని భుజము

లంబకోణ త్రిభుజములో రెండు భుజములు తెలిసినచో మూడవదానిని కనుగొనుట పాఠశాల గణితములో సులభమైన పాఠమని పేరు పొందినది. సూత్రము ఒక్క వాక్యము. లంబకోణమును కలుపుకొని ఉన్న రెండు భుజముల వర్గములను కూడినచో కర్ణము యొక్క వర్గము వచ్చును. ఉన్నత పాఠశాలలో చదువుకొను పిల్లవానిని నిద్రలో లేపి అడిగినను దీనిని అప్పగించును. అయినను జవాబుపత్రములు దిద్దిన ఉపాధ్యాయులందరికిని తెలిసిన సంగతి యొకటి కలదు. సూత్రము వచ్చిన వారిలో పలువురికి లెక్క రాదు.

నిచ్చెన లెక్కనే తీసికొందము. 25 అడుగుల నిచ్చెనను గోడకు చేరవేసినారు. దాని అడుగు గోడకు 7 అడుగుల దూరమున ఉన్నది. పైకొన గోడను ఎంత ఎత్తున తాకును? ప్రశ్నలో రెండు సంఖ్యలు కనబడగానే విద్యార్థి రెంటికిని వర్గములు వేయును: 625, 49. రెంటిని కూడును: 674. దానికి వర్గమూలము తీయబోయి, అది సరిగా తెగక, తుదకు 26కు రవంత తక్కువ అని వ్రాసి లేచిపోవును. 25 అడుగుల నిచ్చెన దాదాపు 26 అడుగుల ఎత్తున గోడను ఎట్లు తాకినదో అతనికి తోచదు. అతని వర్గములలో తప్పు లేదు. కూడికలో తప్పు లేదు. నేల ఏది, గోడ ఏది, నిచ్చెన ఏది అని చూచుకొనకుండ లెక్కలోనికి దిగినాడు, అంతే. ఇక్కడ నిచ్చెనయే కర్ణము. కావున 625 నుండి 49 తీసివేయవలెను. మిగిలిన 576కు మూలము 24. నిచ్చెన గోడను తాకు ఎత్తు 24 అడుగులు.

మన పూర్వులు ఈ మూడు భుజములకు మూడు పేర్లు పెట్టుకొన్నారు: భుజము, కోటి, కర్ణము. భుజమనగా చేయి. కోటి యనగా విల్లు కొస. నేటి పిల్లలకు ఈ మాట వినగానే నూరు లక్షలు గుర్తు వచ్చి నవ్వు వచ్చును. కర్ణమనగా చెవి. ఛందస్సు కోరినప్పుడు దానినే శ్రవణమనియు, శ్రుతి యనియు కూడ అనిరి. మూటికి మూడు పేర్లు ఉండుట వలన ఏది ఎక్కడ ఉన్నదో చెప్పకుండ లెక్కను చదువుటయే సాధ్యము కాదు. నేడు కర్ణమను పేరు మాత్రము నిలిచి, తక్కిన రెండును 'ఇతర భుజములు' అయిపోయినవి. పిమ్మట అన్నియు ఏ, బీ, సీ అను అక్షరములైనవి. అక్షరములు పనికి మంచివే. కాని వానిని చూచినంత మాత్రమున నిచ్చెన కంటికి కనబడదు.

లెక్కకు ముందు విద్యార్థి నోట పలికింపవలసిన ప్రశ్న ఒక్కటే: లంబకోణము ఎక్కడ? దానికి ఎదుట నున్నది కర్ణము. అది తక్కిన రెంటిలో దేనికంటెను పెద్దది, రెంటి మొత్తము కంటె చిన్నది. ఈ మాటలు మనసున ఉన్నచో నిచ్చెన లెక్కకు జవాబు 18కిని 25కిని నడుమ ఉండి తీరవలెనని వర్గములు వేయకముందే తెలిసిపోవును. 26 అని వ్రాసిన చేయి అక్కడనే ఆగును.

ఈ సూత్రమునకు పైథాగరస్ పేరు లోకములో రూఢమైనది. బౌధాయనుని శుల్బసూత్రము ఇదే సత్యమును త్రాడు మాటగా చెప్పుచున్నది: దీర్ఘచతురస్రమునకు అడ్డముగా, మూల నుండి మూలకు లాగిన త్రాడు, నిలువు ప్రక్కయు అడ్డు ప్రక్కయు వేర్వేరుగా ఏర్పరచు వైశాల్యములను రెంటిని తానొక్కటియే ఏర్పరచును. పండితులు ఈ గ్రంథమును క్రీస్తుకు పూర్వము 800, 500 సంవత్సరముల నడుమ ఉంచుచున్నారు. ఎవరు ముందు అను తగవులో మనకు లాభము లేదు. త్రాడు అను మాట మాత్రము మనము పట్టుకొనదగినది. శుల్బమనగా త్రాడే. ఆ గ్రంథములు యజ్ఞవేదికను నేలమీద గీయవలసిన వారికొరకు పుట్టినవి. పలక మీద గీత ఎటు పోయినను చెరిపివేయవచ్చును. వేది మూల తప్పినచో ఇటుకలన్నియు తప్పును.

తెలుగునాట వైదిక కుటుంబములలో అధికభాగము ఆపస్తంబ సూత్రమును అనుసరించునవియే. ఆ ఆపస్తంబుని శుల్బసూత్రములో సోమయాగమునకు కావలసిన మహావేదిని కొలుచు విధము కలదు. తూర్పు పడమరలుగా 36 ప్రక్రమములు, పడమటి అంచు 30, తూర్పు అంచు 24. ప్రక్రమమనగా ఒక అంగ వేసిన దూరము. 36 ప్రక్రమముల ఎడముతో తూర్పున ఒక మేకు, పడమట ఒక మేకు పాతుదురు. 54 ప్రక్రమముల త్రాడు తీసికొని, రెండు కొసలను రెండు మేకులకు కట్టుదురు. పడమటి కొస నుండి 15వ ప్రక్రమము వద్ద త్రాటికి గురుతు ఉండును. ఆ గురుతును పట్టుకొని ప్రక్కకు బిగించి లాగినచో ఒక వైపు 15, ఒక వైపు 39, నేలమీద 36. 15 వర్గము 225, 36 వర్గము 1296, రెండును కలిసి 1521. అది 39 వర్గము. పడమటి మేకు వద్ద లంబకోణము దానంతట అదే నిలిచినది. అటొకసారి, ఇటొకసారి లాగినచో 30 ప్రక్రమముల పడమటి అంచు సిద్ధము. పిమ్మట త్రాటి కొసలు మార్చి, అదే గురుతు పట్టి లాగి, తూర్పు మేకు నుండి 12 వద్ద శంకువు నాటుదురు. 24 ప్రక్రమముల తూర్పు అంచు కూడ ముగిసినది. ఒక్క త్రాడు, ఒక్క త్రిభుజము, నాలుగు మూలలు!

నేటి తాపీమేస్త్రి పునాదికి ముగ్గు పోయునప్పుడు చేయునది ఇదే. ఒక దారము మీద 3 అడుగులు, రెండవ దారము మీద 4 అడుగులు గురుతు పెట్టి, ఆ గురుతుల నడుమ సరిగా 5 అడుగులు వచ్చువరకు దారమును జరుపును. పెద్ద గదికి 6, 8, 10 పట్టును. కొలత పెద్దదైన కొలది చేతి తప్పు తగ్గునని అతనికి అనుభవము. పాఠశాల లెక్కలో కోణము తెలిసి భుజము వెదకుదుము. మేస్త్రి భుజములు మూడును పట్టుకొని కోణమును వెదకును. ఒకే సత్యమును రెండు వైపుల నుండి వాడుకొనుట ఇది. ఈ రెండవ వైపును మన తరగతులలో తొందరగా దాటిపోవుచున్నారని నా అభిప్రాయము. ఒక పురికొస, మూడు మేకులు ఉన్నచో ఆటస్థలములో అరగంటలో చూపవచ్చును.

ఇక 3, 4, 5 వంటి సంఖ్యల వలన ఒక చిక్కు కలదు. పాఠ్యపుస్తకములు పిల్లల యందు దయతో జవాబు పూర్ణసంఖ్య వచ్చునట్లు లెక్కలను కూర్చును. 5, 12, 13. 8, 15, 17. 7, 24, 25. ఏండ్ల తరబడి ఇవే చేసిన విద్యార్థి, మూలము తెగని లెక్క ఎదురైనచో తాను తప్పినాననుకొని చేసినదంతయు కొట్టివేయును. నిజమునకు ప్రపంచములో తెగని త్రిభుజములే ఎక్కువ. అన్నిటికంటె సాదాదైన చతురస్రమునకు కర్ణము గీసినచో అదే తెగదు.

ఆ తెగనిదానిని బౌధాయనుడు ఎట్లు పట్టుకొన్నాడో చూడుడు. చతురస్రపు భుజమునకు అందులో మూడవ వంతు చేర్చవలెను. ఆ మూడవ వంతులో నాలుగవ వంతును చేర్చవలెను. ఈ చివర చేర్చినదానిలో ముప్పదినాలుగవ వంతును తీసివేయవలెను. అదియే కర్ణము, దీనికి సవిశేషమని పేరు. ఈ ముప్పదినాలుగు ఎక్కడనుండి ఊడిపడినదా అని విద్యార్థి అడుగును, అడుగవలెను. భుజము 12 అంగుళములని పెట్టుకొని లెక్కింతము. 12కు 4 చేర్చగా 16. 1 చేర్చగా 17. దాని నుండి అంగుళములో ముప్పదినాలుగవ వంతు పోవలెను. అదే గ్రంథములో అంగుళమునకు కొలత చెప్పుచు, ప్రక్కప్రక్కన పేర్చిన 34 నువ్వుగింజలు ఒక అంగుళమన్నారు. కావున 12 అంగుళముల చతురస్రపు కర్ణము, నువ్వుగింజ తక్కువ 17 అంగుళములు!

ఇందులో మాయ లేదు. 12 వర్గము 144. రెండు కలిసి 288. 17 వర్గము 289. ఒక్క చదరపు అంగుళము మాత్రమే ఎక్కువైనది. 17 అంగుళముల చతురస్రము నుండి ఆ ఒక్కటి తీసివేయుటకు, ప్రక్కప్రక్కనున్న రెండు అంచులలో సన్నని పట్టీలు కోయవలెను. రెండు పట్టీల పొడవు కలిసి 34 అంగుళములు; కావున వెడల్పు అంగుళములో 34వ వంతు, అనగా నువ్వుగింజంత. పట్టీలు కలియు మూల వద్ద నువ్వుగింజ నిడివి, నువ్వుగింజ వెడల్పు గల గడి రెండుసార్లు లెక్కకు వచ్చినది, తప్పంతయు అదే. పూర్వులు సరిగా ఈ దారినే నడిచిరని నేను పంతము పట్టను. కాని తరగతిలో ఈ దారిన నడిపించినచో, తెగని మూలమనగా భయపడవలసినది కాదనియు, ఎంతవరకు తెగినదో చెప్పగలిగినచో అదియు జవాబే యనియు పిల్లలకు బోధపడును.

భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో ఈ జాగ్రత్త కనబడును. మొదట భుజము 3, కోటి 4 అని పిల్లలకు అందించి, కొద్ది దూరములోనే రెండు భుజములును మూడుంబావు చొప్పున ఉన్న త్రిభుజమును ముందు పెట్టినాడు. దాని కర్ణము తెగదు. ఆయన లవహారములను ఒక పెద్ద వర్గసంఖ్యతో పెంచి మూలము తీసి, 3677ను 800తో భాగించినంత అని దగ్గరి విలువ తేల్చినాడు. అనగా నాలుగున్నరకు పైన, 4.6కు లోపల. సులువైన లెక్క వెంటనే తెగని లెక్కను పెట్టుట మంచి గురువు లక్షణము.

సూత్రము ఎందుచేత నిజమో అదే ఆచార్యుడు బీజగణితములో చూపినాడు. అక్కడి ప్రశ్నలో భుజము తిథులన్ని, కోటి గోళ్ళన్ని. తిథులు 15, గోళ్ళు 20 అని మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు గదా. ఇటువంటి త్రిభుజములు నాలుగింటిని కర్ణములు వెలుపలకు వచ్చునట్లు చుట్టును పేర్చినచో పెద్ద చతురస్రమగును. నడుమ 5 నిడివిగల చిన్న చతురస్రము ఖాళీగా మిగులును. ఒక్కొక్క త్రిభుజపు వైశాల్యము 150, నాలుగును 600, నడిమి గడి 25, మొత్తము 625. కావున కర్ణము 25. అట్టముక్కలు కత్తిరించి బల్లమీద పేర్చిన పిల్లవానికి ఈ పాఠమును మరల చెప్పవలసిన పని ఉండదు.

ఇంతవరకు రెండు తెలిసి ఒకటి తెలియని లెక్కలు. మన గణితజ్ఞులకు అసలు ముచ్చట వేరు. ఒక్క భుజమును మాత్రము చెప్పి, తక్కిన రెంటిని విడివిడిగా చెప్పక, రెంటి మొత్తమునో భేదమునో చెప్పుదురు. లీలావతిలోని వెదురు లెక్క అట్టిది. 32 మూరల వెదురు గాలికి విరిగి, కొన నేలను తాకినది. మొదలు నుండి ఆ చోటికి 16 మూరలు. వెదురు ఎంత ఎత్తున విరిగినది? నిలిచిన ముక్క కోటి. వాలిన ముక్క కర్ణము. రెంటిలో ఏదియు తెలియదు. రెండును కలిసి 32 అని మాత్రము తెలియును.

ఇక్కడ ఒక చిన్న బొమ్మ కావలెను. కర్ణము మీది చతురస్రములో ఒక మూలకు కోటి మీది చతురస్రమును ఆనించి కోసివేయుడు. మిగిలినది మూలమట్టము వలె వంగిన పట్టీ. దాని వైశాల్యము భుజము యొక్క వర్గమే. ఆ పట్టీని వంపు వద్ద తెగగోసి రెండు ముక్కలను వరుసగా పెట్టినచో పొడవైన దీర్ఘచతురస్రమగును. దాని పొడవు కర్ణకోటుల మొత్తము, వెడల్పు రెంటి భేదము. ఇప్పుడు వెదురు చేతికి చిక్కినది. 16 వర్గము 256, పొడవు 32, వెడల్పు 8. మొత్తము 32, భేదము 8 గల సంఖ్యలు 20, 12. వెదురు 12 మూరల ఎత్తున విరిగినది. చీనా దేశపు ప్రాచీన గణితగ్రంథమైన నవాధ్యాయిలోను విరిగిన వెదురు కలదు. దాని ఎత్తు 10, కొన పడిన దూరము 3. విరిగిన ఎత్తు నాలుగున్నర మీద ఇరువదవ వంతు. ఆ గ్రంథకర్త కూడ తెగు సంఖ్యలకై తాపత్రయపడలేదు.

ఈ యుక్తి వయస్సు చాల పెద్దది. క్రీస్తుకు పూర్వము 1800 ప్రాంతమున బాబిలోనియాలో గీసిన మట్టిపలక యొకటి నేడు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయములో ఉన్నది. పలకపై 15 పంక్తులు. ఒక్కొక్క పంక్తిలో చిన్న భుజమును, కర్ణమును వ్రాసినారు. మనకు దక్కిన పలకలో మూడవ భుజమునకు వరుస లేదు. మొదటి పంక్తిలో 119, 169 అని ఉన్నవి. కూడినచో 288, తీసివేసినచో 50, రెంటి లబ్ధము 14400, మూలము 120. సుమారు 3800 ఏండ్లుగా ఆ పలకపై కనరాని భుజము మన తరగతి పిల్లవానికి రెండు నిమిషములలో దొరకును.

629లో ఆర్యభటీయమునకు వ్యాఖ్య వ్రాసిన మొదటి భాస్కరుడే వెదురు, తామర, డేగ, ఎలుకలతో ఈ లెక్కలు వేసినాడు. లీలావతి నాటికి డేగకు బదులు నెమలి, ఎలుకకు బదులు పాము వచ్చినవి. 9 మూరల స్తంభము మీద నెమలి. స్తంభము మొదట పుట్ట. పుట్టకు 27 మూరల దూరమున దానివైపు వచ్చుచున్న పాము. నెమలి వాలుగా దూకి, పాము ప్రాకినంత దూరమే తానును పోయి దానిని పట్టుకొన్నది. నెమలి, పాము ఒకే వేగముతో పోవునా యని అడుగు కొంటె పిల్లవాడు ప్రతి తరగతిలోను ఉండును; లెక్కకొరకు పోవుననుకొనుమని చెప్పి సాగవలెను. పాము నడిచినది కర్ణమంత, నడవనిది భుజమంత. రెండును కలిసి 27. 9 వర్గము 81. 27తో భాగింపగా భేదము 3. కర్ణము 15, భుజము 12. పుట్టకు 12 మూరల దూరమున పాము చిక్కినది. తామర లెక్క భేదమునకు చెందినది. నీటిపై అరమూర నిలిచిన మొగ్గ గాలికి వంగి 2 మూరల దూరమున మునిగినది. కాడ కర్ణము, నీటిలోతు కోటి, భేదము అరమూర. 4ను అరతో భాగింపగా 8. లోతు మూడుంబాతిక మూరలు... కాదు, మూడు ముప్పాతిక మూరలు అని పిల్లలచేత రెండుసార్లు సరిచూపించుడు. భిన్నము వచ్చినచోట తొందరపాటు సహజము.

తెలుగువారికి ఇట్టి లెక్కల సంప్రదాయము పరాయిది కాదు. 9వ శతాబ్దములో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. పద్యమున చెప్పిన లెక్క చెవిలో నిలుచును. చెవిలో నిలిచిన వెదురు, నెమలి కంటి ముందు బొమ్మ కట్టును. నిచ్చెనను కూడ అట్లే బొమ్మ కట్టింపవలెనన్నదే నేను మొదటినుండి కోరుచున్నది. ఇరువది లెక్కలు చేయించుటకు బదులు అయిదు చేయించి, ప్రతిదానికి బొమ్మ గీయించి, జవాబు ఏ రెండు సంఖ్యల నడుమ ఉండునో ముందుగా వ్రాయించి, అందులో ఒకటైనను తెగని లెక్క ఉండునట్లు చూచినచో కాలము వ్యర్థము కాదు.

విద్యార్థుల కొరకు లీలావతి నుండియే మరియొక లెక్క. 100 మూరల చెట్టు కొనను రెండు కోతులున్నవి. చెట్టునకు 200 మూరల దూరమున బావి. ఒక కోతి చెట్టు దిగి, నేలమీద నడిచి బావి చేరినది. రెండవది చెట్టు కొన నుండి నిట్టనిలువుగా పైకి కొంత ఎగిరి, అక్కడినుండి వాలుగా బావిలోనికి దూకినది. రెండును పోయిన దూరము సమానమే. రెండవ కోతి ఎంత ఎత్తు ఎగిరినది? మొదటి కోతి నడక 300 మూరలు. కావున ఎగిరిన ఎత్తును కర్ణమును కలిసి 300. కోటి యనగా చెట్టు ఎత్తును, ఎగిరిన ఎత్తును కలిసినది. ఇక కర్ణకోటుల మొత్తము ఎంతయో చెప్పగలిగినవారు తక్కినది నోటిలెక్కగా చేయగలరు.